మీసం చూసి ఇచ్చిన వేషం

ముప్ఫై ఏళ్ల కిందట నాటక పరిషత్తు పోటీలకని మా వీధి కుర్రాళ్లతో ఒక నాటిక తయారు చేశాను. అందులో ఇన్‌స్పెక్టర్ వేషం ఒకటుంది. దానికి మనిషిని వెతకడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా జట్టులో ఒకడికి కోరమీసం ఉండేది. ఖాకీ తొడిగి టోపీ పెడితే నిజం పోలీసులే సెల్యూట్ కొట్టేట్టు ఉన్నాడు. రిహార్సల్స్‌లో వాడు డైలాగు పాఠంలా అప్పజెబుతున్నాడని తెలుస్తూనే ఉంది. స్టేజీ ఎక్కితే అదే వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. కూతురు పోయిందన్న కబురు తండ్రికి చెప్పాల్సిన ఘట్టంలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక వాడు మీసం మెలేశాడు. హాలు హాలంతా ఘొల్లుమంది. వాణ్ణి తిట్టి ఏం లాభం? వేషం నేను మనిషికివ్వలేదు, మీసానికిచ్చాను.

ఆ పాత సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం క్రిస్టఫర్ నోలన్ తీసిన మూడు బ్యాట్‌మన్ సినిమాలూ వరసపెట్టి మళ్లీ చూశాను. ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ (2005), ‘ది డార్క్ నైట్’ (2008), ‘ది డార్క్ నైట్ రైజెస్’ (2012). కథ తెలిసిందే, ఫైట్లు తెలిసినవే. కాబట్టి ఈసారి ఏ వేషం ఎవరికిచ్చారు, ఎందుకిచ్చి ఉంటారు అని మాత్రమే చూస్తూ కూర్చున్నాను. మన దగ్గర కాస్టింగ్ అనే మాట చెడ్డ వార్తల్లో తప్ప పెద్దగా వినపడదు. అదొక పనితనం అని ఒప్పుకోవడానికి ఆస్కార్ వాళ్లకే దాదాపు వందేళ్లు పట్టింది. 2025లో విడుదలైన సినిమాల నుంచి మాత్రమే దానికి విడిగా అవార్డు పెట్టారు.

మొదట నా కంటపడింది ఇంకో మీసం. గోథమ్ నగరపు పోలీసు అధికారి జిమ్ గార్డన్‌ది. పెదవి మీదికి వాలిన మీసం, కళ్లజోడు, నలిగిన కోటు. ఊరంతా లంచాలు తింటుంటే తినకుండా నెట్టుకొస్తున్న సంసారి. ఈ వేషం గ్యారీ ఓల్డ్‌మన్‌కిచ్చారు. అంతకుముందు ఆయన పేరు చెబితే గుర్తొచ్చేవాళ్లు వేరు. 1992లో డ్రాకులా. 1994లో ‘లియోన్’ సినిమాలో మాత్ర కొరికి, మెడ విరుచుకుని, సంగీతం గురించి మాట్లాడుతూ ఒక కుటుంబాన్ని కాల్చేసే అధికారి. అలాంటివాణ్ణి పిలిచి, నువ్వు అరవొద్దు, నీ పని రోజూ డ్యూటీకెళ్లి రావడమే అన్నారు. లోపల అంత నిప్పు పెట్టుకున్నవాడు నెమ్మదిగా మాట్లాడితే ఆ నెమ్మదికి ఒక బరువుంటుంది. స్వతహాగా సాత్వికుడైన నటుడికి ఈ వేషం ఇచ్చి ఉంటే గార్డన్ మంచివాడుగా మిగిలేవాడు, అంతే. ఓల్డ్‌మన్ గార్డన్ మాత్రం తన మంచితనాన్ని రోజూ కొత్తగా కొనుక్కుంటున్నవాడిలా ఉంటాడు.

చిన్న వేషాలకు ఇంత పెద్దవాళ్లను తెచ్చే పద్ధతి నోలన్‌కి 1978 నాటి ‘సూపర్‌మన్’ నుంచి పట్టుబడింది. ఆ మాట ఆయనే చెప్పారు. రిచర్డ్ డానర్ తీసిన ఆ సినిమాలో మార్లన్ బ్రాండో, జీన్ హాక్‌మన్ లాంటి ఉద్దండులు చుట్టూ నిలబడితే, మధ్యలో నిలబడ్డవాడు క్రిస్టఫర్ రీవ్ అనే ఎవరికీ తెలియని కుర్రాడు. కాస్టింగ్ చూసిన లిన్ స్టాల్‌మాస్టర్ ఆ కుర్రాడి ఫొటోని మూడుసార్లు దొంతరలో పైన పెట్టాడనీ, నిర్మాతలు మూడుసార్లూ తీసి పారేశారనీ చెబుతారు. నాలుగోసారి పెట్టే ఓపిక ఉండటమే ఆ వృత్తి కాబోలు. 2016లో ఆయనకి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. కాస్టింగ్ చేసేవాళ్లలో అది అందుకున్న మొదటివాడు ఆయనే.

రీవ్‌ని ఎందుకు ఎంచుకున్నారో చెప్పే ముక్క ఒకటుంది ఆ సినిమాలో. హీరోయిన్ లోయిస్ పక్క గదిలోకి వెళ్తుంది. ముందు గదిలో గూని భుజాల క్లార్క్ కెంట్, అంటే మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మన్, కళ్లజోడు తీసి, వెన్ను నిలబెట్టి, గొంతు మారుస్తాడు. మేకప్పు మారదు, బట్టలు మారవు. మనిషి నాలుగంగుళాలు పెరుగుతాడు. నిజం చెప్పేద్దామనుకుని, ధైర్యం చాలక, మళ్లీ కళ్లజోడులోకి ముడుచుకుపోతాడు. అది చూశాక సూపర్‌హీరో వేషం అంటే కండలు అని ఎవరైనా అంటే నాకు జాలేస్తుంది.

బ్యాట్‌మన్‌తో ఇంకో చిక్కుంది. ముసుగు వేశాక నటుడికి మిగిలేది గడ్డం ఒక్కటే. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగు పాళ్లుగా చెప్పారు మనవాళ్లు. ఇక్కడ ఆహార్యం మిగతా మూడింటినీ మింగి కూర్చుంటుంది. ఆ బరువు సూటులో ఒళ్లు మెదలదు, కళ్ల చుట్టూ నల్లరంగు. క్రిస్టియన్ బేల్ తన దగ్గర మిగిలిన గొంతుని పట్టుకుని దాన్ని గరగరలాడించాడు. మొదటి సినిమాలో బాగుంది. ‘డార్క్ నైట్’ చివరికొచ్చేసరికి ఎవరైనా ఆయనకి మిరియాల కషాయం ఇస్తే బాగుండుననిపించింది. అభిమానులు నొచ్చుకున్నా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను.

బేల్‌కి ఆ వేషం దక్కింది ముసుగులో ఉన్న బ్యాట్‌మన్ కోసం కాదని నా నమ్మకం. ముసుగు తీసిన బ్రూస్ వేన్ కోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ముసుగు తీశాక కూడా వేసుకునే రెండో ముసుగు కోసం. మొదటి సినిమాలో పుట్టినరోజు పార్టీకి శత్రువులు చొరబడతారు. అతిథుల్ని బయటికి పంపించాలి, నిజం చెప్పకూడదు. బ్రూస్ తాగినవాడిలా నటిస్తూ వచ్చినవాళ్లందర్నీ నోటికొచ్చినట్టు తిడతాడు. తండ్రి పేరు తన నోటితోనే చెడగొట్టుకుంటున్నానని తెలిసిన బాధ ఆ తాగుడు మొహం వెనక ఎక్కడో తిరుగుతుంటుంది. రెండో సినిమాలో ఇంకా చిన్న సంగతి. విందులో షాంపేన్ గ్లాసు పట్టుకుని అందరితో నవ్వి, బాల్కనీలోకి వెళ్లగానే గ్లాసులోది కిందికి ఒంపేస్తాడు. ఒక్క క్షణం, మాటలు లేవు. సోకులరాయుడి వేషం మొత్తం ఆ ఒంపులో బయటపడుతుంది.

అదే విందులోకి కాసేపటికి లిఫ్టులోంచి విలన్ జోకర్ దిగుతాడు. బట్లర్ ఆల్‌ఫ్రెడ్‌గా వేసిన మైకేల్ కెయిన్, హీత్ లెడ్జర్‌ని ఆ అవతారంలో చూసి తన డైలాగు మరిచిపోయానని తర్వాత చెప్పుకున్నారు. కెయిన్ యౌవనంలో కొరియా యుద్ధంలో పోరాడినవాడు. ఆల్‌ఫ్రెడ్‌ని కూడా పూర్వాశ్రమంలో సైనికుడిగా ఊహించుకుని, తనకు తెలిసిన ఒక సార్జెంట్ గొంతు పెట్టుకున్నారట. కాఫీ ట్రే పట్టుకున్నా నిటారుగా నిలబడే ఆ తీరు అక్కడి నుంచి వచ్చింది. అలాంటివాడు బెదిరాడంటే మనమెంత.

లెడ్జర్ పేరు 2006లో బయటికి రాగానే అభిమానులు గొడవ చేశారు. ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’లో గొర్రెలు కాసిన కుర్రాడికి జోకరేమిటని. ఇది వాళ్లకి కొత్తేం కాదు. 1989 నాటి బ్యాట్‌మన్‌గా హాస్యనటుడు మైకేల్ కీటన్‌ని తీసుకున్నప్పుడు వార్నర్ బ్రదర్స్ ఆఫీసుకి 50,000 ఉత్తరాలు వచ్చాయంటారు. ఆ ఉత్తరాలు రాసినవాళ్లంతా నా జాతే, మీసం చూసి వేషం ఇచ్చే రకం. తమాషా ఏమిటంటే, ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ అప్పుడు నోలన్ కలిస్తే, సూపర్‌హీరో సినిమా నేను చెయ్యనని లెడ్జరే మర్యాదగా చెప్పి వెళ్లాడు. మొదటి సినిమా చూశాక మనసు మార్చుకున్నాడు.

ఆ తర్వాతది అందరికీ తెలుసు. హోటల్ గదిలో నెలరోజులు ఒంటరిగా కూర్చుని గొంతు వెతుక్కున్నాడు, డైరీ రాసుకున్నాడు. సినిమా విడుదల కాకముందే, 2008 జనవరిలో, 28 ఏళ్లకే పోయాడు. మరుసటి ఏడాది అతని ఆస్కార్‌ని ఇంటివాళ్లు అందుకున్నారు. ఆ విషాదం వల్ల ఆ నటన చుట్టూ పుక్కిటి పురాణాలు బాగా అల్లుకున్నాయి. వాటిని పక్కన పెట్టి పని చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. మాటిమాటికీ పెదవులు నాలుకతో తడుపుకోవడం, అతికించిన గాయాల మచ్చలు ఊడిపోకుండా చేసుకున్న ఏర్పాటు. దాన్ని అలవాటుగా మార్చి పాత్రకి అంటించేశాడు. లాకప్పులో కూర్చుని, గార్డన్‌కి ప్రమోషన్ వచ్చిందని పోలీసులు చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టడం అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన. జోకర్ పంపే బందీల వీడియోలు కూడా లెడ్జరే తీశాడు. జోకర్‌కి సిడ్ విషస్ అనే పంక్ సంగీతకారుడి ఛాయలు కొన్ని తీసుకున్నానని చెప్పాడు. ఆ సిడ్ విషస్‌గా 1986లో తెరమీద నటించినవాడు గ్యారీ ఓల్డ్‌మన్. ఇంటరాగేషన్ గదిలో బ్యాట్‌మన్ రాకముందు, బల్లకి ఇటు గార్డన్, అటు జోకర్. ఈసారి ఆ సన్నివేశం చూస్తుంటే ఓల్డ్‌మన్ తన పాత వేషాన్నే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడనిపించింది.

కాస్టింగ్‌లో నాకు మరీ నచ్చే కథ, వేషం దొరకనివాడిది. బ్యాట్‌మన్ కోసం స్క్రీన్ టెస్టు ఇచ్చినవాళ్లలో కిలియన్ మర్ఫీ ఒకడు. పాత సినిమాలో వాల్ కిల్మర్ వేసుకున్న సూటు తొడిగి నిలబెట్టారు. ఈ బక్కపలచటివాడు బ్యాట్‌మన్ కాడని అతనికీ తెలుసు, నోలన్‌కీ తెలుసు. నోలన్ మాత్రం ఆ కళ్లని వదల్లేకపోయాడు. స్కేర్‌క్రో అనే విలన్ వేషం ఇచ్చి, క్లోజప్పుల్లో కళ్లజోడు తీయించడానికి సాకులు వెతికేవాణ్ణని ఒప్పుకున్నాడు. ఆ కళ్లున్నవాడి మొహానికి గోనెసంచీ తగిలించడం వేరే సంగతి. మర్ఫీ మూడు సినిమాల్లోనూ కనిపిస్తాడు, చివరిదాంట్లో కాసేపే అయినా. ఆ పరిచయమే నోలన్ తీసిన ‘ఓపెన్‌హైమర్’ దాకా నడిచి, 2024లో ఉత్తమ నటుడి ఆస్కార్ తెచ్చింది. మా నాటికకి వచ్చి వేషం లేదనిపించుకుని వెళ్లిన కుర్రాళ్లు ఒకరిద్దరున్నారు. వాళ్ల కళ్లు ఎలా ఉండేవో నాకు గుర్తులేదు. చూసి ఉంటే కదా.

మూడో సినిమాలో విలన్ బేన్ మాస్కు లెక్కని తిరగేస్తుంది. బ్యాట్‌మన్‌కి నోరే మిగిలితే, బేన్‌గా వేసిన టామ్ హార్డీకి కళ్లూ నుదురూ మిగిలాయి. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడితే కలిపి ఒక మొహం. ముందుగా వదిలిన ముక్కలో బేన్ మాటలు అర్థం కావడం లేదని జనం గోల పెడితే, గొంతుని సరిదిద్దాల్సి వచ్చింది. తెలుగు డబ్బింగ్‌లో ఆ బాధ ఉండదు కానీ, సగం మొహంతో నెట్టుకొస్తున్న నటుడికి గొంతు కూడా వేరేవాడిదవుతుంది. డబ్బింగ్ కూడా కాస్టింగే అని మనవాళ్లు గుర్తించిన సందర్భాలు లేకపోలేదు. ‘ఇన్ఫినిటీ వార్’ తెలుగులో విలన్ థానోస్‌కి రానా గొంతు పెట్టారు. ‘బాహుబలి’లో ఆయన భల్లాలదేవుణ్ణి విన్న చెవులకి వేరే పరిచయం అక్కర్లేకపోయింది.

బ్రూస్ చిన్ననాటి స్నేహితురాలు రేచల్ వేషానికి మొదట కేటీ హోమ్స్, తర్వాత మ్యాగీ జిలెన్‌హాల్. మార్పు మేలే చేసింది, అంతకంటే చెప్పడానికేం లేదు. క్యాట్‌వుమన్‌గా ఆన్ హాథవే మాత్రం నన్ను ఓడించింది. ఈ సుకుమారికి ఇదేమిటని నేనూ అనుకున్నాను. బారులో తుపాకులు పేలుతుంటే నిబ్బరంగా ఉన్న మనిషి, పోలీసులు లోపలికి రాగానే భయపడ్డ ఆడపిల్లలా గావుకేక పెడుతుంది. వాళ్లు దాటిపోగానే కేక తెగ్గోసినట్టు ఆపి, నడిచి వెళ్లిపోతుంది. ఆ సుకుమారం చూసే వేషం ఇచ్చారని అప్పుడు అర్థమైంది.

మూడో సినిమాకి మా ఇన్‌స్పెక్టర్‌ని కూడా పిలిచాను. ఇప్పుడు రిటైరయ్యాడు, మీసం తెల్లబడింది, కోర మాత్రం పోలేదు. చివర్లో బ్యాట్‌మన్ చావుకి ఎదురెళ్తున్నప్పుడు, నువ్వెవరో జనానికి తెలియొద్దా అంటాడు గార్డన్. ఎవరైనా హీరో కావచ్చు, తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లాడి భుజాల మీద కోటు కప్పినవాడైనా సరే అని జవాబిస్తాడు బ్యాట్‌మన్. ఆ కోటు కప్పింది మొదటి సినిమాలో, కుర్ర పోలీసుగా ఉన్న ఈ గార్డనే. ఏడేళ్ల కిందటి సినిమాలోని ఆ కోటు ఓల్డ్‌మన్ మొహంలోకి మెల్లగా వచ్చి చేరుతుంది. బ్రూస్ పేరు నోట్లోంచి ప్రశ్నలా బయటపడుతుంది. చేతులు ఎక్కడికీ పోవు.

నేను పక్కకి చూశాను. మావాడు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఏమంటాడా అని చూస్తున్నాను.

“ఒరేయ్, ఆ మీసం సొంతమేనంటావా?” అన్నాడు.