ముందు ఎవరు మాట్లాడాలి?

న్యూయార్క్‌ లోయర్ ఈస్ట్ సైడ్ అంటే ఒకప్పుడు వలస వచ్చినవాళ్ళు ఇరుకు గదుల్లో బతికిన పేట. అక్కడ ఎల్డ్రిడ్జ్ స్ట్రీట్‌లో 2000 ప్రాంతాల్లో సాషా పెట్రాస్కీ ‘మిల్క్ అండ్ హనీ’ అనే చిన్న కాక్‌టెయిల్ బార్ పెట్టాడు. వచ్చేవాళ్ళకి కొన్ని నియమాలు కూడా రాసిపెట్టాడు. అందులో ఒకటి: మగవాళ్ళు తమంతట తాము వెళ్ళి తెలియని ఆడవాళ్ళని పరిచయం చేసుకోకూడదు. ఆడవాళ్ళు కావాలనుకుంటే మాట కలపొచ్చు. ఎవరైనా మగవాడు పలకరిస్తే గడ్డం కాస్త ఎత్తి ఊరుకుంటే చాలు.

ఈ నాలుగు ముక్కల్ని నేను కవితని చదివినట్టే చదువుతాను. ఎవరు ఎవరికి చెప్తున్నారు? మొదటి మాట స్త్రీ చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆ గడ్డం ఎత్తే భంగిమ రాణిగారిది. స్త్రీకి అక్కడ హక్కు లేదు, మర్యాద ఉంది. మర్యాద ఇచ్చేది యజమాని.

2013 నుంచీ అదే గదిలో ‘అటాబాయ్’ అనే బార్ నడుస్తోంది. అక్కడే పాఠాలు చెప్పుకునే నా స్నేహితురాలు తీసుకెళ్తే వెళ్ళాను. తలుపు తట్టాలి. లోపల మన పాత ఇళ్ళ నడవలా సన్నగా, పొడుగ్గా ఉంది. మెనూ కార్డు లేదు. ఏం ఇష్టమో అడిగి కలిపిస్తారు. స్నేహితురాలు జిన్ను అంది. నేను పులుపూ అల్లమూ చాలు, మద్యం వద్దన్నాను. తాగేదాన్ని ఎందుకు తాగుతావనీ, తాగనిదాన్ని ఎందుకు తాగవనీ ఎవరూ అడగలేదు. ఇద్దరాడవాళ్ళం రెండు గంటలు కబుర్లు చెప్పుకున్నాం. ఇంతే జరిగింది. ఇంతమాత్రం జరగడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

1948లో అమెరికా సుప్రీంకోర్టు ఒక మిషిగన్ చట్టాన్ని సమర్థించింది. 50,000 జనాభా దాటిన ఊళ్ళలో స్త్రీ బార్‌టెండర్‌గా పనిచేయాలంటే ఆ బారు యజమాని అయిన మగవాడికి భార్యో, కూతురో అయ్యుండాలి. ఆ కేసు వేసిన గోసార్ట్ తానే ఒక బారుకి యజమానురాలు. కూతురు అందులో పనిచేసేది. తల్లి యజమాని అయితే కూతురికి రక్షణ ఉండదట! తండ్రి ఉంటేనే ఉంటుందట. ఇది స్త్రీల క్షేమం కోసమేనన్నారు. మనకి బాగా అలవాటైన మాటే.

ఎల్డ్రిడ్జ్ స్ట్రీట్ నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే ‘మెక్‌సోర్లీస్’ వస్తుంది. బీరు అమ్మే ఆ పాత కొట్లోకి 1970 దాకా ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. 1939 తర్వాత దాని సొంతదారు డొరతీ ఓకానెల్ కిర్వాన్ అనే స్త్రీ! తండ్రికిచ్చిన మాట ప్రకారం కొట్టు తెరిచి ఉన్న వేళల్లో ఆమె లోపలికే వచ్చేది కాదు. ఫెయిత్ సైడెన్‌బర్గ్, కరెన్ డిక్రో 1969లో లోపలికెళ్తే అమ్మమన్నారు. కోర్టుకెళ్ళి 1970లో గెలిచారు. తలుపు తెరుచుకున్నాక కూడా మొదటి స్త్రీగా లోపలికి రావడానికి డొరతీ ఒప్పుకోలేదు. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి 1986లో గానీ కట్టలేదు. నాకు ఆ గెలుపు కంటే డొరతీయే ఎక్కువ గుర్తుండిపోయింది. ఆస్తి చేతికొచ్చింది, గడప దాటడం రాలేదు. ఆమె మీద మనలో ఎవరైనా కథ రాయాలి.

ఇదంతా మనకెందుకు అనే ప్రశ్న వస్తుందని తెలుసు. సారా వ్యతిరేక ఉద్యమం నడిచిన నేల మనది. 1992లో దూబగుంట స్త్రీలు సారాకొట్లో చోటు అడగలేదు, కొట్టు మూయమన్నారు. నిజమే. కానీ వాళ్ళు కొట్లాడింది కూలి డబ్బులు ఇంటికి రానందుకు, ఒంటి మీద పడ్డ దెబ్బలకి. ఆడదాని నడవడి గురించి కాదు. 2009 జనవరిలో మంగళూరు పబ్బులో అమ్మాయిల్ని కొట్టినప్పుడు, ‘దాడి తప్పే, కానీ వాళ్ళు అక్కడికెందుకెళ్ళారు’ అన్న మాట మన సభల్లోనూ విన్నాను. దూబగుంటని ఆ మాటకి సాక్ష్యంగా పిలవడం నాకు సమ్మతం కాదు.

ఇంకో సంగతి. ఆ బార్లో ఒక్క గ్లాసు 20 డాలర్ల మాట. అక్కడ దొరికే ప్రశాంతతలో ఆ ధర వాటా ఎంతో కూడా లెక్కేయాలి. మన తెలంగాణలో కల్లు కాంపౌండుల్లో కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళు కూర్చుని తాగడం కొత్తేమీ కాదు. గడ్డం ఎత్తాల్సిన పని లేకుండా, నోటితోనే జవాబు చెప్పగలరు వాళ్ళు. మన సాహిత్యంలో తాగే స్త్రీ వస్తే చెడిపోయిందిగానో, దగాపడిందిగానో వస్తుంది. పని అయిపోయాక తోటి ఆడవాళ్ళతో కూర్చున్న మనిషిగా ఆమె ఎన్ని కథల్లో కనిపించిందో నా పుస్తకాల అలమరలో వెతుకుతున్నాను. ఇప్పటికి రెండు అరలు అయ్యాయి.