లేని రాజ్యానికి పటం

లేని రాజ్యానికి పటం గీయడానికి కూర్చున్నవాళ్లలో చాలామంది ముందు కోట గీస్తారు. తర్వాత రాజధాని, దాని చుట్టూ అడవి, చివరికి ఖాళీ మిగిలిన చోట మెలికలు తిరిగే ఒక నది. ఆ నది ఎక్కడ పుట్టింది, ఎటు వాలి పారుతోంది అని అడిగితే జవాబుండదు. మా కనిగిరి లాంటి మెట్ట ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఈ లోపం చటుక్కున కనబడుతుంది. ఇక్కడ ఏ ఊరు ఎందుకు నిలిచిందో నీళ్లను బట్టే తెలుస్తుంది. ఊహాలోకాల పటాలు గీసే సరదాకు మా పశ్చిమ ప్రకాశం ప్రాంతాన్ని మించిన బడి లేదని నా నమ్మకం.

సరదా పాతదే. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమర్‌లో వానలకు ఇల్లు కదల్లేక ఉన్న రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్, సవతి కొడుకు లాయిడ్‌తో కాలక్షేపానికి ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. ఆ గుట్టలూ రేవులూ చూస్తుంటేనే కథ తట్టింది. అదే ‘ట్రెజర్ ఐలాండ్’. అచ్చుకు పంపిన పటం కాస్తా పోయింది. పుస్తకంలో చెప్పిన ప్రతి సంగతీ ఏరుకుని, దానికి సరిపడేలా మళ్లీ గీయాల్సి వచ్చింది. మొదటి పటం గీసిన హాయి రెండోసారి లేదని ఆయనే రాసుకున్నాడు. రచయిత టోల్కీన్ కూడా ముందు పటం వేసుకుని, కథను దానికి ఇమిడ్చానని చెప్పాడు. మన పురాణాల్లో జంబూద్వీపాన్ని చుట్టి ఉప్పు సముద్రం, ఆపైన చెరకురసం, నెయ్యి, పెరుగు, పాల సముద్రాలు ఉన్నాయి. వైకుంఠపాళి సరేసరి, పాములూ నిచ్చెనలతో ఏకంగా పరమపదానికే దారి చూపించే పటం.

పని ఎలా మొదలుపెట్టాలంటే, ముందు కొండలు వేయాలి. కాగితం మీద వద్దు. మార్కాపురం పలక తెచ్చుకోండి. ఆ చుట్టుపక్కల గనుల్లో తవ్విన రాయితో చేసిన పలకల మీదే తరతరాల తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. పటం మొదటి చిత్తు పదిసార్లు చెరుపుకోవాల్సిందే, దానికి పలకను మించింది లేదు. కొండ శిఖరం నుంచి కిందికి, నీళ్లు జారే దిక్కుకే, చిన్న చిన్న గీతలు లాగాలి. నిటారు చరియ అయితే గీతలు ఒత్తుగా, దగ్గరగా. మెల్లగా వాలే చోట పలచగా, ఎడంగా. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కంటూరు గీతలు వాడుకలోకి రాకముందు సర్వేయర్లు కొండలను ఇలాగే చూపించేవాళ్లు. పలక మీద బలపం తెల్లగా పడుతుంది కాబట్టి నిటారు చరియ మెరుస్తూ కనబడుతుంది. అదే కాగితం మీదికి ఎక్కించేసరికి నల్లబడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వాలు ఎక్కడ తప్పిందో కన్నే పట్టేస్తుంది.

వాలు కుదిరాక ఏరు తనంతట తానే వస్తుంది. రెండు గీతల గుంపులు ఎదురెదురుగా దిగే చోట వాగు పుడుతుంది, వాగులు కలిసి ఏరవుతాయి. ఒక ఏరు రెండుగా చీలడం సముద్రం దగ్గరపడ్డాక డెల్టాలో చూస్తాం గానీ కొండల్లో అరుదు. మా వైపు పారే పాలేరు, మన్నేరు చూడండి. రెండూ దేనికది తూర్పుకు పోయి సముద్రంలో పడతాయి. ఊహాలోకంలోనూ పెద్ద నదొకటే కాకుండా ఇలాంటి పొట్టి ఏళ్లు నాలుగు వేస్తే నేల నిజమనిపిస్తుంది.

చెరువు ఎక్కడ పెట్టాలో కంభం చెరువు నేర్పుతుంది. గుండ్లకమ్మ ఏరు కొండల మధ్య ఇరుకు దారిలోంచి దూరే చోట, రెండు కొండలను కలుపుతూ సుమారు 57 అడుగుల ఎత్తున కట్ట వేశారు. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. ఆ చోటు ఎంచుకున్నవాళ్ల చూపుకు చేతులెత్తి మొక్కాలి. కట్ట నిడివి కొంచెమే, వెనకాల అంత పెద్ద చెరువు! అదే సూత్రం ఇప్పటి వెలిగొండ ప్రాజెక్టులోనూ ఉంది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గ్యాపుల్లో వేసిన కట్టలతో నల్లమల సాగర్ ఏర్పడుతుంది. శ్రీశైలం నీళ్లు నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాల గుండా దానిలోకి రావాలి. మీ పటంలో కొండల మధ్య గండి కనబడితే అక్కడ ఒక చెరువో, సైన్యం కాపు కాసే దారో ఉండి తీరాలి.

ఊళ్లు ఆ తర్వాతే. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత బాధపెట్టిందో తెలిసినవాళ్లు, పటంలో ప్రతి ఊరి పక్కనా తాగే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో గుర్తు పెట్టకుండా ఉండలేరు. మంచినీళ్ల బావి ఒకటి ఉంటే చాలు, నాలుగు దారులు అటు తిరుగుతాయి. దూరాలకు మైళ్లతో పని లేదు. ఎడ్లబండి ఒక పగలు నడిచేది పాతిక కిలోమీటర్లు అనుకుంటే, అంతంత దూరానికి ఒక సత్రం, ఒక సంత పడతాయి. పేర్లకు వెతుక్కోనక్కర్లేదు. దొనకొండ, వెలిగండ్ల, హనుమంతునిపాడు, పెదచెర్లోపల్లి అనే పేర్లలో కొండ, చెరువు, దేవుడు ఎలా ఒదిగారో గమనించి, అదే పద్ధతిలో కొత్తవి కట్టుకోవచ్చు.

ఇంత చేస్తే ఒరిగేదేమిటి? పిల్లలు బడిలో చూసే పటాలు ఎవరో గీసి ఇచ్చినవి, వాళ్లు పేర్లు నింపడం వరకే. తన రాజ్యానికి తాగునీళ్లు పెట్టలేక తంటాలు పడిన పిల్లకు, సొంత ఊరి చెరువు తూము దగ్గర నిలబడితే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

డ్రాయింగ్ మాస్టార్లకు, టీచర్లకు ఒక మనవి. 1947లో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘రాకాసిలోయ’, ‘జ్వాలాద్వీపం’, ‘పాతాళదుర్గం’ సీరియళ్లు వచ్చాయి. వాటిలో ఒకటి ఈ వేసవి సెలవుల్లో పిల్లలకు చదివి వినిపించి, ఆ రాజ్యాలకు పటం గీయించండి. దిద్దేటప్పుడు బొమ్మ అందం తర్వాత చూద్దురుగాని, ముందు ఏరు ఎటు పారుతోందో చూడండి.