స్టో తోటలో రాతి కొలువు

ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్‌లో స్టో అనే భవంతి తోట ఉంది. అందులో చిన్న వాగు ఒడ్డున విల్లులా వంగిన రాతి గోడ, గోడ నిండా గూళ్లు, గూళ్లలో ఛాతీ దాకా చెక్కిన పదహారు విగ్రహాలు. ఒక వైపు షేక్‌స్పియర్, మిల్టన్, లాక్, న్యూటన్ వంటి ఆలోచనాపరులు. మరో వైపు ఆల్ఫ్రెడ్ రాజు, ఎలిజబెత్ రాణి, డ్రేక్, హాంప్‌డెన్ వంటి కార్యశూరులు. విలియం కెంట్ నమూనాతో 1734-35 ప్రాంతంలో కట్టిన దీని పేరు బ్రిటిష్ మహనీయుల మందిరం. తోట యజమాని లార్డ్ కోబమ్ యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న సేనాని. ప్రధాని వాల్‌పోల్‌తో చెడి ప్రతిపక్షంలోకి వెళ్లాక, తన రాజకీయాలను తోటలో రాతితో చెప్పించాడు.

వాగుకు ఆవలి గట్టున, ఎత్తు మీద, స్తంభాలతో గుండ్రని గుడి కనిపిస్తుంది. అందులో హోమర్, సోక్రటీస్, లైకర్గస్, ఎపమినోండస్‌ల నిలువెత్తు రూపాలు. గ్రీకులు పైన, బ్రిటిష్ వాళ్లు కింద. వీళ్లు తలెత్తి వాళ్లను చూడాలి. ఆ గుడి పక్కనే కావాలని శిథిలంగా కట్టిన మరో మందిరం, అందులో తల లేని మొండెం ఉండేవి. ప్రాచీన సద్గుణం నిండుగా నిలిచి ఉంటే ఆధునిక సద్గుణం గతి ఇదీ అని దాని భావం. ఆ మొండెం వాల్‌పోల్‌దేనని అప్పటివాళ్లు గుర్తుపట్టారు. ఇందులో ఏ ఒక్క విగ్రహాన్ని తీసుకెళ్లి హాలులో పెట్టినా నైపుణ్యం మిగులుతుంది, మాట పోతుంది. తోట శిల్పంలో ఉలి పని ఎంత ముఖ్యమో, ఎక్కడ నిలబెట్టాలో తేల్చే చూపూ అంతే ముఖ్యమని నా నమ్మకం.

ఈ ‘బ్రిటిష్’ మహనీయులను చెక్కిన రిస్‌బ్రాక్, షీమేకర్స్ ఇద్దరూ యాంట్‌వర్ప్ నుంచి వలస వచ్చినవాళ్లు. ఇంగ్లిష్ వారంలోని రోజులకు పేర్లిచ్చారని చెప్పే ఏడుగురు శాక్సన్ దేవతలను కోబమ్ కోసం రిస్‌బ్రాకే పోర్ట్‌లాండ్ రాతిలో మలిచాడు. డోర్సెట్ తీరపు ఈ తెల్లని సున్నపురాయి సన్నని రేణువులది. ఉలికి ఏ దిక్కునైనా లొంగుతుంది. తోట విగ్రహాన్ని దూరం నుంచి, మబ్బు పట్టిన వెలుతురులో చూస్తారు. అందుకే కనుగుడ్ల చుట్టూ, గుడ్డ మడతల్లో, జుట్టు పాయల మధ్య లోతుగా తొలవాలి. ఆ లోతుల్లో పడే నీడే ముఖానికి ప్రాణం పోస్తుంది. దగ్గరికి వెళ్తే మొరటుగా కనిపించే గాటు ముప్పై అడుగుల అవతల చూపుగా మారుతుంది.

రాతికి డబ్బు చాలనివాళ్లు సీసం పోయించుకునేవారు. లండన్ హైడ్ పార్క్ కార్నర్ దగ్గర జాన్ చీర్ పనిశాలలో అచ్చులు సిద్ధంగా ఉండేవి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, సన్నని గీతను కూడా పట్టుకుంటుంది. పోత అయ్యాక రాయిలా కనిపించేట్టు రంగు పూసేవారు. ఈనాడు బూడిద రంగులో దిగులుగా కనిపించే చాలా సీసపు బొమ్మలు ఒకప్పుడు తెల్లగా మెరిసినవే. సీసం మెత్తన, తన బరువుకు తానే కుంగుతుంది. లోపల ఇనుప కమ్మీ తుప్పు పట్టిందంటే చీలమండ దగ్గర చిట్లి విగ్రహం ఒరిగిపోతుంది.

మూడో దారి ఒక స్త్రీది. 1769లో ఎలినార్ కోడ్ లండన్‌లోని లాంబెత్‌లో కృత్రిమ రాతి కర్మాగారం చేపట్టి, 1821లో కన్నుమూసే దాకా నడిపింది. బంకమట్టిలో కాల్చి నూరిన మట్టి, చెకుముకిరాయి పొడి, ఇసుక, గాజు పొడి కలిపి, అచ్చులో ఒత్తి, బట్టీలో నాలుగు రోజులు కాల్చేవారు. వస్తువు ఆరి కాలేసరికి కొంత కుంచించుకుంటుంది కనుక అచ్చును ఆ లెక్కన పెద్దదిగా చేయాలి. వెస్ట్‌మినిస్టర్ వంతెన పక్కన నిలిచిన 1837 నాటి సింహం ఆ రాతిదే. లండన్ పొగకు సున్నపురాళ్లు కరిగిపోయినా దాని జూలు గీతలు చెక్కుచెదరలేదు.

ఇంగ్లండులో రాతికి పెద్ద శత్రువు మంచు. రాతి రంధ్రాల్లోకి చేరిన నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, పెచ్చు లేస్తుంది. దీనికి మన రాతితోనే సాక్ష్యం ఉంది. వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతిలో తవ్వించిన స్తూప ఫలకాలు తర్వాత లండన్ చేరాయి. వాటిలో కొన్నిటిని ఫైఫ్ హౌస్ అనే భవనం బయటి గోడకు పెట్టారు. పల్నాటి ఎండలో శతాబ్దాలు నిలిచిన సున్నపురాయి అక్కడి చలికి దెబ్బతింది. అందుకే ఇంగ్లండు తోటల్లో శరత్కాలం చివర, రాయి పొడిగా ఉన్న రోజు చూసి, విగ్రహాలకు గాలి ఆడే తొడుగులు వేస్తారు. తడి మీద కప్పితే మేలు కన్నా కీడే ఎక్కువ.

మరమ్మతులో ఓపికే సగం పని. పాత ఇనుప బిగింపులు తుప్పుతో ఉబ్బి రాతిని చీలుస్తాయి. వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు దించుతారు. అతుకులకు సిమెంటు వాడకూడదు. అది రాతికన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, చివరికి రాయే రాలుతుంది. సున్నపు గచ్చే సరైనది. రాతికి బదులు అది అరుగుతుంది, దాన్ని మళ్లీ పూసుకోవచ్చు. తీగ బ్రష్షుతో లైకెన్లను గీకి ‘శుభ్రం’ చేయడం చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. శిల్పి ఉలి గుర్తులు ఆ దుమ్ముతోపాటే పోతాయి.

వాతావరణం చేయలేని నష్టం స్టోకు అప్పులు చేశాయి. రెండో బకింగ్‌హామ్ డ్యూక్ దివాలా తీస్తే 1848లో సామాను వేలం నలభై రోజులు సాగింది. 1921-22 వేలాల్లో మిగిలినవీ చెల్లాచెదురయ్యాయి. గ్రీకు మహనీయులు గుడి వదిలారు, శాక్సన్ దేవతలు తలో దిక్కు పోయారు. సునా, తునోర్ అనే ఇద్దరు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నారు. 1989లో తోట నేషనల్ ట్రస్టు చేతికి వచ్చాక అసలు విగ్రహాలు ఎక్కడున్నాయో వెతికి, అచ్చులు తీసి, నకళ్లను పాత పీఠాల మీద నిలబెట్టే పని మొదలైంది.

నకలును చూసి పెదవి విరిచేవాళ్లున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. గుడిలో సోక్రటీస్ లేకపోతే కింద న్యూటన్ ఎవరిని చూడాలి? రిస్‌బ్రాక్ చేతి స్పర్శ కావలసినవాళ్లు మ్యూజియానికి వెళ్లాలి, కోబమ్ చెప్పదలచిన మాట కావలసినవాళ్లు తోటకు రావాలి. నేను కోరేది ఒక్కటే. ప్రతి నకలు పీఠం మీద అది నకలని, ఏ ఏడు చేశారో, అసలు ఎక్కడుందో కంటికి కనిపించేలా చెక్కి ఉంచాలి.