ఎదుటివాని కన్ను గాచు దీపము

కీసర దగ్గఱి మున్నేటి వంతెన మొదలుకొని గరికపాడు దగ్గఱి పాలేటి వంతెన వఱకు, నందిగామ, చిల్లకల్లు, జగ్గయ్యపేటల నంటి సాగు రహదారి నేడు నడుమ గట్టుతో నాలుగు వరుసలై 65వ సంఖ్య జాతీయ రహదారిగా వ్యవహరింపబడుచున్నది గాని, అది 9వ సంఖ్య రహదారిగా రెండు వరుసలతో మాత్రమే యున్న దినములలో, రాత్రివేళ దానిపై కారు నడపుట స్టీరింగు త్రిప్పు నేర్పుతో మాత్రమే ముగియు పని కాదు. మిరప బస్తాల లారీలు, ప్రత్తి బోరాలతో కదలు ఎడ్లబండ్లు, పొలము నుండి మరలు పశువులు, మార్జిను వెంబడి నడచు కూలిజనము ఒక్క దారినే పంచుకొనుచుండగా, ఎదురుబండి వెలుగు కన్నులలో పడిన ఆ రెండుమూడు క్షణములలో డ్రైవరు దాదాపు అంధుడే యగును. ఆ అంధత్వమును నివారించుటకు ఈ దారిలో డ్రైవర్లు పాటించిన పద్ధతియు, దూరదేశములలో యంత్రశాస్త్రజ్ఞులు కల్పించిన సాధనములును ఒకే ప్రయోజనమునకై పుట్టినవి.

ఇచ్చటి పద్ధతికి పేరు డిమ్ము కొట్టుట. 1950ల చివరి నుండి 2014 వఱకు ఉత్తరపారా కర్మాగారములో తయారైన అంబాసిడరు కారు తొలి నమూనాలలో, క్లచ్చి పెడలునకు ఎడమప్రక్క నేలపై గుండ్రని మీట యొకటి యుండెడిది. ఎడమపాదముతో ఒకమారు నొక్కిన బ్రైటు పోయి డిమ్ము వచ్చును. మఱల నొక్కిన బ్రైటు తిరిగి వచ్చును. చేయి స్టీరింగును వదలనక్కఱలేదు, చూపు దారిని వీడనక్కఱలేదు. ఎదుటివాడు డిమ్ము కొట్టనిచో రెండుమార్లు టకటక నొక్కి హెచ్చరించుటయు, అప్పటికిని వినని వానికి దారి యిచ్చి తానే ప్రక్కకు తగ్గుటయు అనుభవజ్ఞుల లక్షణములు. లారీల దీపపుటద్దముల నడుమ నల్లరంగు చుక్క పెట్టు ఆచారము సైతము ఈ జాగ్రత్తలో భాగమే.

అయితే ఆ మీట పాదముల క్రింద నుండుటచే, వానకాలపు నల్లరేగడి బురదయు చెప్పుల తడియు చేరి దాని లోపలి పలకలకు చిలుము పట్టును. పాతకారులలో వెలుగు చాలదన్న ఫిర్యాదునకు బల్బు కంటె ఈ మీటయు, బిగువు తప్పిన ఎర్తు తీగయు తఱచు కారణములు. బ్యాటరీ దగ్గఱ 12 వోల్టులున్నను బల్బు దగ్గఱకు 10 మాత్రమే చేరినచో కాంతి దాదాపు సగమునకు పడిపోవును. ఇది తెలిసిన ఆటో ఎలక్ట్రీషియను కొత్త బల్బు అమ్మడు. ముందుగా మీట విప్పి ఉప్పుకాగితముతో పలకలు తోమి, ఎర్తును కారు బాడీకి బిగించి, ఆపైన రిలే యొకటి పెట్టి, బల్బులకు పోవు అధిక విద్యుత్తు ఆ సన్నని పాత మీట గుండ పోకుండ చేయును.

పాదము చేయు ఈ పనిని యంత్రమునకు అప్పగింపవలెనని తలచినవారు అమెరికాలోని జనరల్ మోటార్స్ వారు. 1952లో ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ కారులపై వచ్చిన ఆట్రానిక్ ఐ అను సాధనము డాష్‌బోర్డుపై చిన్న గొట్టము వలె నిలిచి, ఎదురుబండి కాంతిని కటకము ద్వారా గ్రహించి, లోపలి ఫోటోట్యూబుపై పడవేయును. అచ్చట పుట్టిన అత్యల్ప విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచగా, రిలే కదలి దీపములను డిమ్ము చేయును. ఇందలి సూక్ష్మము వేఱొకటి గలదు. ఎదుటివాడు మర్యాదగా తానును డిమ్ము కొట్టినచో కాంతి తగ్గును గదా. అంతమాత్రమున యంత్రము తిరిగి బ్రైటు వేసినచో ఆతని మర్యాదకు అపకారము చేసినట్లగును. కావున ఒకసారి డిమ్ము చేసిన పిమ్మట దాని గ్రాహకశక్తి హెచ్చునట్లు, ఆ మంద కాంతిని సైతము గుర్తించి ఎదురుబండి దాటిపోవు వఱకు డిమ్ములోనే నిలుచునట్లు కల్పించిరి. వీధిదీపములకును, మెఱయు బోర్డులకును అది మోసపోవుట కలదు గనుక, డ్రైవరు పాదపు మీటను మాత్రము తొలగింపలేదు. యంత్రము తప్పినచో పాదము దానిని సరిదిద్దవలె నన్నమాట.

దీపములను వేయుట, ఆర్పుట యను రెండవ పనికై 1964 కాడిలాక్ కారులపై వచ్చినది ట్వైలైట్ సెంటినెల్. డాష్‌బోర్డుపై నున్న కాంతిగ్రాహకము సంధ్య మసకను గుర్తించి దీపములను తానే వెలిగించును. ఇంజను ఆపి దిగినవాడు ఇంటి గుమ్మము చేరు వఱకు, ముందుగా ఏర్పఱచుకొనిన వ్యవధి మేరకు వాని నుంచి, పిదప తానే ఆర్పును. ఈ రెండవ సౌకర్యపు విలువ వీధిదీపము లేని గ్రామములో చీకటి వాకిట దిగినవానికి చక్కగా తెలియును. 1968 కార్వెట్‌లో ఏ దీపము వెలుగుచున్నదో డ్రైవరు కూర్చున్న చోటనే చూపుటకు గాజు తంతువుల ద్వారా ఆ వెలుగునే లోపలికి తెచ్చిరి. బల్బు కాలిన సంగతి పోలీసు చెప్పు వఱకు తెలియని స్థితి దానితో తప్పెను.

దీపములు తామే వెలిగి, తామే ఆరు సౌకర్యమును అంబాసిడరు వంటి పాతకారునకు అమర్చుట కష్టసాధ్యము కాదు. కాంతి పడినకొలది నిరోధము తగ్గు ఎల్‌డీఆర్ అను చిన్న బిళ్ళ, ఒక ట్రాన్సిస్టరు, ఒక రిలే చాలును. బిళ్ళను ముందటద్దము క్రింద ఆకాశమును చూచునట్లు పెట్టవలెను. రోడ్డు వైపు పెట్టినచో ఎదురుబండి కాంతినే పగలని భ్రమించి మన దీపము లార్పివేయును. చెట్ల నీడకును, వంతెన క్రింది చీకటికిని చలింపకుండ కొన్ని క్షణముల ఆలస్యము కల్పింపవలెను. దిగిన పిమ్మటి వ్యవధికి 1000 మైక్రోఫారడ్ కెపాసిటరును 47 కిలో ఓముల నిరోధముతో జతచేసిన, సుమారు 47 సెకన్ల కాలమానము లభించును. 60 వాట్ల బల్బులు రెండు కలిసి 10 ఆంపియర్లు లాగును. నిముషమునకు ఖర్చగునది ఆంపియర్-గంటలో ఆఱవవంతు మాత్రమే. అదే దీపములను మఱచి ఆఱు గంటలు వదలినచో 60 ఆంపియర్-గంటలు హరించి, ఉదయమున కారు తోయక తప్పదు. కాని పాత డైనమోలు సుమారు 20 ఆంపియర్లకు మించి ఈయజాలవు గనుక, ఎక్కువ వాట్ల బల్బులు తగిలించి ప్రగల్భించుట తగదు.

డోరు తీయగానే వెలుగు లోపలి దీపము మఱియు సులభము. డోరు స్తంభములోని మీట ఎర్తును కలుపును, మూసిన విడిపించును. ఒక్క తీగ చాలును, కారు బాడీయే రెండవ తీగ. ముసలి తల్లిదండ్రుల నెక్కించి దింపువారికి ఇంతకు మించిన సౌకర్యము లేదు.

ఇట్టి అమరికలు కారు ప్రాచీనతకు భంగము గదా యని శంకించువారు గలరు. 2021 జూలైలో కేంద్రము వింటేజి వాహనములకు ప్రత్యేక నియమములు చేసి, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరములు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేని వానికి వీఏ అక్షరములు గల నంబరు ఇచ్చు పద్ధతి నేర్పఱచినది. మార్పు చేయువారు పాత తీగలు కోయక, డాష్‌బోర్డుకు రంధ్రములు వేయక, విప్పినంతనే పూర్వస్థితి వచ్చునట్లు చేసికొనినచో ఆ శంకకు తావుండదు.

యంత్రము ఎంత వివేకము చూపినను దీపము సరియైన వంపులో లేనిచో అంతయు వృథా. డిమ్ములో నున్న దీపము ముందు 8 మీటర్ల దూరమున, 1.5 మీటర్ల ఎత్తున కన్నులుండు మనిషికి మిఱుమిట్లు కొలుపరాదని మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. ఈ పరీక్షకు పరికర మక్కఱలేదు. సమతలమున కారు నిలిపి, మిత్రుని ఎనిమిది మీటర్ల దూరమున నిలువ జెప్పి, అతని మాట విని మరలు త్రిప్పిన చాలును. నందిగామ, జగ్గయ్యపేటలలో పాతకారు నుంచుకొన్న ప్రతి రసికునికి మనవి యిది: ఎల్‌డీఆర్ కొనుటకు ముందు ఆ మరలు సరిచూచుకొనుడు, నేల మీది మీటను బాగుచేయించుకొనుడు, పిదప తోచిన సౌకర్యము అమర్చుకొనుడు.