రోగానికి పెట్టిన పేరు

వైద్య, జీవశాస్త్ర పారిభాషిక పదాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనవాళ్ళు ఒకే తగాదాలో పడతారు. పదం సంస్కృతంలో కట్టాలా, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసుకోవాలా, జనం నోట ఉన్నది తీసుకోవాలా? 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పాఠ్యపుస్తకాలు తెలుగులో రావటం మొదలైనప్పటినుంచీ ఈ తగాదా నడుస్తూనే ఉంది. 'కిరణజన్య సంయోగక్రియ'ను వెక్కిరించనివాళ్ళు అరుదు. నిజానికి ఆ మాట చేసిన పాపమేమీ లేదు. వెలుగు వల్ల జరిగే కూడిక అని విప్పి చెప్పే ఉపాధ్యాయుడు దొరికితే, గ్రీకునుంచి ఇంగ్లీషు మీదుగా వచ్చిన మాటకన్నా అదే పల్లెటూరి పిల్లవాడికి దగ్గరవుతుంది. పదం ఏ భాషనుంచి వచ్చిందన్న విచారణలో మునిగి, వచ్చిన పదం మన మధ్య ఏం పని చేస్తున్నదో అడగటం మరిచిపోయాం. రచయితలకు సంబంధించిన ప్రశ్న ఇదే.

పుట్టుకలో తప్పున్నంత మాత్రాన పదం చెడ్డది కాదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడుగాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జ్వరపు పరాన్నజీవిని చూసిన తర్వాత గాలి సిద్ధాంతం కూలిపోయింది, పేరు మిగిలింది. మలేరియా అన్నప్పుడు ఇవాళ ఎవరూ గాలిని నిందించటం లేదు. మన ధనుర్వాతం కూడా అంతే. అందులో వాతం లేదు, గాయంలోంచి ఒంట్లోకి దిగిన సూక్ష్మజీవి విషం ఉంది. కాని రోగి వీపు విల్లులా వంగిపోవటాన్ని చూసి పేరు పెట్టినవాడి కన్ను మాత్రం అబద్ధం చెప్పలేదు. (సాహిత్య విద్యార్థులకు టీకా అంటే ముందు తాత్పర్యం గుర్తుకొస్తుంది, తల్లులకు సూది గుర్తుకొస్తుంది. రెండూ కలిసి బతుకుతున్నాయి, ఎవరికీ నష్టం లేదు.)

నష్టం చేసే పదాలు వేరే ఉన్నాయి. 'బహిష్టు' చూడండి. ముట్టు అనటం మోటుగా ఉంటుందని, సభ్యంగా ఉంటుందని ఈ మాట వాడుతున్నాం. ఆరోగ్య వ్యాసాల్లో, స్త్రీల సమస్యల మీద సానుభూతితో రాసిన కథల్లో సైతం ఇదే కనిపిస్తుంది. దాని అర్థం బయట ఉన్నది అని. అండం ఫలదీకరణ చెందనప్పుడు గర్భాశయం లోపలి పొర రాలి రక్తంతో బయటికి రావటం శరీరధర్మం. ఈ పదం ఆ ధర్మాన్ని గురించి ఒక్క ముక్క చెప్పదు. ఆ మూడు రోజులూ మనిషిని ఏ వసారాలో కూర్చోబెట్టారో చెబుతుంది. అంటే ఇది జీవశాస్త్ర పదం వేషం వేసుకున్న అంటరానితనం. మోటు అనుకున్న ముట్టు కూడా తాకటం, తాకకూడకపోవటం చుట్టూ తిరిగేదే. 'నెలసరి' కాలాన్ని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది, అందుకే అది మేలు. కథలో నాయనమ్మ 'బయట చేరింది' అంటే అనవచ్చు, అది ఆమె లోకం. కథకుడు తన గొంతుతో బహిష్టు అన్నప్పుడు ఆ వసారాలో చాప వేసింది అతనే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. వ్యవస్థను తిట్టవలసి వచ్చినప్పుడు అభ్యుదయ కవులమైన మనకు చటుక్కున దొరికే విశేషణం 'కుష్టు'. కుష్టు సమాజం, కుష్టు రాజకీయం. నేనూ రాశాను, సభలో చప్పట్లు కూడా పడ్డాయి. ఆయుర్వేదం ఈ మాట కింద పద్దెనిమిది రకాల చర్మరోగాలను లెక్కపెట్టింది. అది క్రమంగా ఒకే రోగానికి కుదించుకుని, ఆ ఒక్క రోగి నెత్తిన మొత్తం లోకపు అసహ్యాన్ని పెట్టింది. ఆ రోగకారక క్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లోనే గుర్తించాడు. అనేక మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. నెలల్లో నయమయ్యే జబ్బిది. అయినా 1955 నాటి హిందూ వివాహ చట్టంలో అది విడాకులకు ఒక కారణంగా 2019 దాకా ఉంది. పార్లమెంటు ఆలస్యంగానైనా ఆ మాట కొట్టేసింది. మన కవిత్వం ఇంకా కొట్టేయలేదు. దోపిడీ మనుషులు తెలిసి చేసేది. జబ్బు మనిషికి తెలియకుండా వచ్చేది. ఈ రెంటినీ ముడివేసినప్పుడు దోపిడీదారుకు దెబ్బ తగలదు, ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నవాడికి తగులుతుంది.

అన్నిటికన్నా నన్ను బాధించేది పేరు దొరకని రోగాల సంగతి. రాళ్ళ క్వారీల్లో, క్రషర్ల దగ్గర, పలకలు కోసేచోట లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వాటిని మచ్చలు కట్టించి గట్టిపరుస్తుంది. అదే సిలికోసిస్. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్ళీ మెత్తపరిచే మందు లేదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గటం చూసి వైద్యులు తరచుగా దీన్ని క్షయ అని రాస్తారు. పైగా ఈ దుమ్ము పీల్చినవాడికి క్షయ త్వరగా పట్టుకుంటుంది కూడా. తేడా కాగితం మీద ఒక్క మాటే. క్షయ అంటే ఇరుకు ఇల్లు, చాలని తిండి, రోగి తలరాత. సిలికోసిస్ అంటే యజమాని నడిపిన యంత్రం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దాన్ని ప్రభుత్వానికి తెలియజేసి తీరవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. నష్టపరిహారం ఆ మాట మీద నిలబడుతుంది. ఆ మాట లేని చీటీతో కూలీ ఇంటికిపోయి పడుకుంటాడు.

పరాయి మాట కాబట్టి జనానికి ఎక్కదంటారా? నల్లగొండ వెళ్ళి చూడండి. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి రాసిన రోగం ఫ్లోరోసిస్. ఎముకలు వంకర్లు తిరిగి, నడుములు పడిపోయిన పల్లెల్లో అంతకుముందు దానికున్న పేరు కర్మ. తాగే నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడ్ అని తెలిశాక, బడి ముఖం చూడని ముసలివాళ్ళు కూడా ఆ మాటను తడుముకోకుండా పలికారు. ఆఫీసుల చుట్టూ మోశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులై నిలబడి తమ నీళ్ళ గోడును దేశం ముందు పెట్టారు. కర్మ అన్న అచ్చమైన ఇంటి మాటతో ఒక్క నామినేషన్ కూడా పడి ఉండేది కాదు.

మన కథల్లో క్వారీ కూలీ ఇప్పటికీ దగ్గి దగ్గి చనిపోతున్నాడు. రచయిత గొప్ప కరుణతో ఆ దగ్గును రెండు పేజీలు వర్ణిస్తాడు, రక్తపు చుక్కను వర్ణిస్తాడు, దుమ్ము పేరు మాత్రం చెప్పడు. అడిగితే, సిలికోసిస్ అంటే పాత్రకు సహజంగా ఉండదంటాడు. కంప్రెసర్, డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ అన్న మాటలు అదే కూలీ నోట రోజూ నలుగుతున్నాయి.