వాట్‌ఫర్డ్ దాటితే డొంకదారులు

వాట్‌ఫర్డ్‌లో కాపురముంటున్న చాలామంది తెలుగువాళ్లకు ఆ ఊరంటే జంక్షన్ స్టేషన్, అక్కడ రైలెక్కితే ఇరవై నిమిషాల్లో వచ్చే యూస్టన్, కారు తీస్తే ఎం1, ఎం25, కృష్ణాష్టమికి లెచ్‌మోర్ హీత్‌లోని భక్తివేదాంత మేనర్. ఊరికి వాయవ్యంగా కాస్త దూరం పోతే ఇంగ్లండ్‌లో సైకిల్ తొక్కడానికి వీలైన గొప్ప దారుల్లో కొన్ని మొదలవుతాయని వాళ్లలో ఎక్కువమందికి తెలియదు. ఆదివారం పొద్దున ఇద్దరిద్దరుగా జట్టుకట్టి ఊరు దాటే సైకిళ్లవాళ్లను చూసి, ఏదో పందెం కాబోలు అనుకుంటాం. అది పందెం కాదు. క్లబ్ రన్ అంటారు. పొద్దున బయల్దేరి, పల్లెదారుల్లో తిరిగి, నడుమ టీ తాగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరే ఈ ఆనవాయితీకి దాదాపు నూటయాభై ఏళ్ల వయసుంది.

1878లో హారోగేట్‌లో సైకిల్ యాత్రికుల క్లబ్బు ఒకటి పుట్టింది. 1883లో సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అయింది. ఇవాళ సైక్లింగ్ యూకే పేరుతో నడుస్తున్నది అదే. తొలితరం సభ్యులు తొక్కినవి ముందుచక్రం ఛాతీ ఎత్తున ఉండే బండ్లు. రోడ్లు గుర్రపు బగ్గీల కింద నలిగి గుంతలు పడ్డవి. ప్రమాదకరమైన దిగుళ్ల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టించింది ఈ క్లబ్బే. 1886లో మరో సైకిల్ సంఘంతో కలిసి రోడ్ల బాగు కోసం ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది, ఇంగ్లండ్ రోడ్ల మీదికి మోటారు కారు రాకముందే. గుంపు పందేలతో పోలీసుల ఆగ్రహం తెచ్చుకోవడం ఎందుకని పందేలవాళ్లు 1895 నుంచి తెల్లవారుజామున ఒక్కొక్కరుగా బయల్దేరి గడియారంతో పోటీపడే పద్ధతికి మళ్లారు. జట్టుగా తొక్కే ఆనందం ఆదివారపు షికారుకు మిగిలింది.

ఈ దారుల రుచి తెలియాలంటే ముందు కింది నేలను అర్థం చేసుకోవాలి. ఈ దారులు తిరిగే చిల్టర్న్స్ సుద్దకొండలు. వాయవ్యాన ఐల్స్‌బరీ మైదానం మీదికి నిటారుగా తెగిపోతాయి. ఆగ్నేయాన, అంటే మన వాట్‌ఫర్డ్ వైపు, మెల్లగా వాలుతూ వస్తాయి. సుద్దనేలలో నీరు నిలవదు, ఇంకిపోతుంది. మంచుయుగంలో నేల గడ్డకట్టినప్పుడు ఇంకే దారిలేక పైనే పారిన నీళ్లు ఆ వాలును కోసి లోయలు చేశాయి. మంచు కరిగాక నీళ్లు మళ్లీ నేలలోకి దిగాయి, లోయలు ఎండి మిగిలాయి. ఇవాళ చాలా లోయల అడుగున వాగు లేదు, దారి ఉంది. మిట్ట వెంబడి పోతే కాళ్లకు పని తక్కువ. లోయలకు అడ్డంగా పోతే దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. అన్నిటికంటే పేరున్న ఐవింగో బీకన్ ఎత్తే 233 మీటర్లు. తిరుమల ఘాట్ రోడ్డు చూసినవాళ్లకు అదో లెక్క కాదనిపించవచ్చు. కానీ ఇక్కడి ఎక్కుళ్లు చిన్నవే అయినా ఊపిరి తిరగనివ్వవు, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

క్లబ్బుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే విద్య దారి కట్టడం. వేగంగా తొక్కేవాడికంటే మంచి దారి కట్టగలిగిన పెద్దాయనకే అక్కడ మర్యాద ఎక్కువ. ఆయన ముందు పరిచేది ఆర్డ్‌నెన్స్ సర్వే పటం. దానిలో పసుపు గీతలు చిన్నదారులు, ఎర్రవి పెద్ద రోడ్లు. పది మీటర్లకో ఎత్తు గీత. గీతలు ఒకదానికొకటి దగ్గరపడితే ఏటవాలు. దారికి అడ్డంగా ఒక బాణం ఉంటే ఎక్కుడు 14 నుంచి 20 శాతం, రెండుంటే 20 పైనే. తర్వాత గాలి. ఈ దేశంలో ఎక్కువ రోజులు గాలి నైరుతి నుంచి వీస్తుంది. అందుకని కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలిలో పడమటికి పోయి, అలసిపోయాక గాలి వెన్నుతడుతుంటే ఇంటికి రావాలి. పెద్దరోడ్డు తగిలితే దాని వెంబడి పోకుండా ఒక్కసారిగా దాటేయాలి. టీకొట్టు సగం దూరం దాటాక రావాలి, ముందే వస్తే మిగతా దారి మరీ పొడుగనిపిస్తుంది. ఫోన్‌లో యాప్ గీసిచ్చే దారికి ఇవేవీ పట్టవు.

అలా కట్టిన ఒక దారి చెబుతాను, సుమారు 70 కిలోమీటర్లు. క్యాసియోబరీ పార్కు పక్కనుంచి చాండ్లర్స్ క్రాస్ మీదుగా ఎం25 దాటి సారట్ చేరండి. పొడవాటి పచ్చికకు రెండువైపులా ఇళ్లున్న ఊరు. కింద పారే చెస్ సుద్దనేల ఊట వాగు. ప్రపంచంలో ఇలాంటి వాగులు ఎక్కువగా ఉన్నది ఇంగ్లండ్‌లోనే. సారట్ దగ్గర ఆ నీళ్లలో వాటర్‌క్రెస్ ఆకుకూర పండించేవారు. అక్కడి నుంచి ఫ్లాండెన్, లాటిమర్. లాటిమర్ పచ్చిక మీద బోయర్ యుద్ధం నుంచి తెచ్చిన ఒక గుర్రపు గుండెను పాతిపెట్టిన గుర్తు ఉంది. చెషమ్ దాటి హాక్‌రిడ్జ్, చోల్స్‌బరీ మిట్టల మీదుగా ఆల్డ్‌బరీలోకి దిగితే ఊరి కుంట, దాని గట్టున పూర్వం నేరస్తుల కాళ్లు బిగించిన బొండకొయ్య. అక్కడి నుంచి టామ్స్ హిల్ ఎక్కుడు, పైన యాష్‌రిడ్జ్ అడవి. ఏప్రిల్ చివర బ్లూబెల్ పూలతో ఈ నేలంతా నీలమవుతుంది. 1832 నాటి బ్రిడ్జ్‌వాటర్ స్తంభం దగ్గరే టీకొట్టు. తర్వాత లిటిల్ గాడెస్డెన్, పాటెన్ ఎండ్, బోవింగ్‌డన్, చిప్పర్‌ఫీల్డ్, ఇల్లు. తలెత్తితే ఎర్రతోక గద్దలు. ఇక్కడ పూర్తిగా అంతరించిన ఈ పక్షుల్ని 1989 నుంచి స్పెయిన్ నుంచి తెచ్చిన గద్దపిల్లలతో మళ్లీ పెంచారు.

ఈ దారుల్లో చాలాభాగం మన ఊళ్ల డొంకల్లాంటివే: ఇరుకు, రెండువైపులా కంచెపొదలు, శతాబ్దాల బండిచక్రాలకూ వానకూ అరిగి పొలం కంటే లోతుకు దిగిన బాట. కాబట్టి తొక్కే పద్ధతీ వేరు. ఎక్కుడు మొదట్లోనే గేరు తగ్గించాలి. కాలు బిగిశాక మారిస్తే గొలుసు జారుతుంది. కింద ఉరికి పైన ఆయాసపడకుండా, ఒకే లయలో తొక్కి, మిట్ట దాటాక కూడా పది తొక్కుళ్లు ఆపకూడదు. మలుపు ముందే బ్రేకు వేయాలి, మలుపులో కాదు. దారి నడిమధ్య కంకర, తడి ఆకులు ఉంటాయి. వాన పడితే సుద్దలోని చెకుముకిరాళ్ల చెక్కలు తేలి టైరును బ్లేడులా కోస్తాయి. పక్షులు గూళ్లు వదిలాక, సెప్టెంబరు నుంచి రైతులు పొదలు కత్తిరిస్తే ముళ్లు పరుచుకుంటాయి. రెండు ట్యూబులు లేనిదే బయల్దేరవద్దు. గుంతను చూసిన ముందువాడు వేలితో చూపిస్తాడు, వెనకవాడు ఆ కబురును ఇంకా వెనక్కి అందిస్తాడు. గుర్రం ఎదురైతే నెమ్మదించి గొంతెత్తి పలకరించి, బాగా ఎడంగా దాటాలి. ఇద్దరు పక్కపక్కన తొక్కడం చట్టసమ్మతమే. 2022లో సవరించిన హైవే కోడ్ 30 మైళ్ల వేగం లోపు కార్లు సైకిలుకు కనీసం మీటరున్నర ఎడం ఇచ్చి దాటాలని చెబుతోంది.

టీకొట్టు గురించి ఒక మాట. 1898లో సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ సభ్యురాలు లేడీ హార్బర్టన్ పావడా బదులు సైకిలుకు అనువైన వదులు నిక్కరు వేసుకుని సర్రేలోని ఒక సత్రానికి పోతే, కాఫీగదిలోకి రానివ్వలేదు. ఆ సత్రం గోడకు క్లబ్బు గుర్తు, రెక్కల చక్రం, తగిలించే ఉంది. క్లబ్బు ఆమె తరఫున కోర్టుకెక్కి 1899లో ఓడిపోయింది. కేసు ఓడినా మాట నిలిచింది: నేడు ఏ వయసువాళ్లు, ఏ బట్టల్లో, ఎంత బురదతో వచ్చినా ఆ టీబల్ల దగ్గర చోటుంటుంది. నేను ఈ ఆచారాన్ని ఇంతగా గౌరవించడానికి సగం కారణం ఆ బల్లే. వెనకబడినవాడి కోసం జట్టు కొండమీద ఆగుతుంది, పంక్చరైతే అందరూ దిగుతారు, ఇరవై ఏళ్ల కుర్రాడికి డెబ్భై ఏళ్ల పెద్దాయన గాలి చాటున ఎలా తొక్కాలో నేర్పుతాడు. వలస వచ్చినవాళ్లకు ఒక దేశపు నేలా మనుషులూ ఒకేసారి పరిచయం కావడానికి ఇంతకంటే దగ్గరిదారి నాకు కనపడలేదు.

ఇక మన ఊళ్ల సంగతికొస్తే, హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సౌరకప్పు సైకిల్ బాట వచ్చింది, మంచిదే. కానీ వికారాబాద్ పల్లెదారుల్ని, అనంతగిరి ఎక్కుళ్లను గాలినీ నీడనూ టీకొట్టునూ లెక్కచూసి కట్టి, తర్వాతి తరానికి అప్పగించే పెద్దలు కూడా మనకు కావాలి.

వాట్‌ఫర్డ్‌లో ఉన్నవాళ్లు వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి. పిల్లలుంటే ముందు ఎబరీ వే: పాత రైలుదారి, రిక్‌మన్స్‌వర్త్ దాకా దాదాపు అయిదు కిలోమీటర్లు, ఎక్కుడన్నదే లేదు, కార్లూ రావు. అది అలవాటయ్యాక సారట్‌కు పోండి. క్లబ్బులో చేరడానికి ఖరీదైన సైకిలు అక్కర్లేదు; బ్రేకులు సరిగా పడితే, చేతిలో రెండు ట్యూబులుంటే చాలు.