వాటం తెలిసిన చేయి

మా బాత్‌రూమ్ మొదట కట్టినవాళ్లు టైల్స్ అద్దంలా పరిచారు, వాటం మాత్రం మరిచారు. నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గరే నిలిచేవి. కింది వాటా పైకప్పుకు చెమ్మ, మాకు డ్రైనేజీ కంపు. రెండేళ్లు భరించాం.

తర్వాత వచ్చిన ప్లంబరు ముందుగా సుత్తి తీయలేదు. చెంబెడు నీళ్లడిగి నేల మీద పోసి, గొంతుక్కూర్చుని అవి ఎటు పోతాయో చూశాడు. నాణెంతో ఒక్కో టైలూ తట్టుకుంటూ వెళ్లి, గుమ్మం పక్కన ఆగి, ‘‘ఇక్కడ కింద గుల్లగా ఉందమ్మా’’ అన్నాడు. పగలగొడితే తడిసిన ఇసుకే!

కంపుకు కారణం నహానీ ట్రాప్ లేకపోవడం. దాని వంపులో ఎప్పుడూ 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలవాలి, లోపలి గాలిని ఆపేది అవే. మాకు గొట్టాన్ని నేరుగా కలిపేశారు. అతను ట్రాప్ అమర్చి, వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరాక, జాలీకి గుడ్డ కుక్కి నీళ్లు నిలగట్టి 24 గంటలు వదిలేశాడు. కింది వాటాలో టార్చి వేసి చూసి వచ్చాకే టైల్స్ ముట్టుకున్నాడు. మీటరుకు సుమారు సెంటీమీటరు చొప్పున వాటం దించాడు.

కుళాయి మరకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు ఆ వేళ్లు చూడాలి. బిగించేటప్పుడు టేపు ఊడిరాకుండా, మర తిరిగే దిక్కుకే, లాగిపట్టి ఒక్కో చుట్టూ వేశాడు. గోడలోపలికి వెళ్లే మరలకూ అంతే శ్రద్ధ. ఆ ఓపికకు నేను చేతులెత్తి దండం పెడతాను.

వెళ్లేముందు మళ్లీ చెంబెడు నీళ్లు పోశాడు. గుమ్మం నుంచి జాలీ దాకా సన్నని పాయలా జారిపోయాయి.